ఛాంపియన్ ఆఖరి ఫైట్: అపోహలు - వాస్తవాలు

బాక్సర్లు పంచ్‌లు సాధన చేసేందుకు చేతులకు ప్యాడ్స్ తొడుక్కుని పట్టడం, ఫైట్ రోజున కార్నర్‌లో, అంటే రౌండ్ల మధ్య వాళ్లు వచ్చి కూర్చునే మూలలో, నిలబడడం నా పని. వయసు మీద పడిన ఛాంపియన్ ఒక కుర్రాడితో తలపడుతున్నాడని తెలిస్తే చాలు, అందరూ నన్ను అవే ప్రశ్నలు అడుగుతారు. సగం మంది జవాబు ముందే ఖాయం చేసుకుని వస్తారు. ఆ జవాబుల్లో కొన్నిటి వల్ల మనుషులకు నిజంగా హాని జరుగుతుంది. అందుకే కాస్త గట్టిగానే చెప్తున్నాను.

అపోహ: వయసైపోతే పంచ్‌లో బలం పోతుంది.

వాస్తవం: బలం అన్నిటికంటే ఆఖర్న పోతుంది. 1994 నవంబర్ 5న లాస్ వేగాస్‌లో 45 ఏళ్ల జార్జ్ ఫోర్‌మన్ 26 ఏళ్ల మైఖేల్ మూరర్‌తో ఆడాడు. తొమ్మిది రౌండ్లు అయ్యేసరికి ముగ్గురు జడ్జిల లెక్కలోనూ వెనకబడే ఉన్నాడు. పదో రౌండ్‌లో కుడిచేత్తో కొట్టిన దెబ్బకి మూరర్ లేవలేదు. హెవీవెయిట్ టైటిల్ మళ్లీ ఫోర్‌మన్‌కి వచ్చింది.

ముందుగా పోయేవి కాళ్లు. ఆ తర్వాత, దెబ్బ కొట్టాక మళ్లీ సర్దుకునే వేగం. ఒక ఛాంపియన్‌కి నేను ఏళ్ల తరబడి ప్యాడ్స్ పట్టాను. జాబ్ (ముందు చేత్తో సూటిగా కొట్టే పంచ్) విసిరిన చెయ్యి తిరిగి చెంప దగ్గరికి రావాలి. ఆఖరి ఏడాదిలో ఆ చెయ్యి భుజం దగ్గరే ఆగిపోయేది. దెబ్బ మాత్రం ఎప్పటిలాగే పడేది, సాయంత్రానికి నా మోచేతులు సలిపేవి. ఆ చప్పుడు విని జిమ్‌లో కుర్రాళ్లు "ఇంకా ఏం తగ్గలేదు" అనుకునేవాళ్లు. నా కళ్లు మాత్రం చెయ్యి తిరిగొచ్చే దారి మీదే ఉండేవి. చెంపకీ గ్లోవ్‌కీ మధ్య జానెడు ఖాళీ ఉంటే, ఎదుటి కుర్రాడి రైట్ హ్యాండ్‌కి అది చాలు.

అపోహ: అనుభవం ఉంటే కుర్రాణ్ని తెలివితో పడగొట్టొచ్చు.

వాస్తవం: కొంతకాలం కుదురుతుంది. బెర్నార్డ్ హాప్కిన్స్ 2011లో 46 ఏళ్ల వయసులో జాన్ పాస్కల్‌ని ఓడించి ప్రపంచ టైటిల్ గెలిచాడు. అంత తెలివైన బాక్సర్లు అరుదు. 2016 డిసెంబర్‌లో తన ఆఖరి ఫైట్ ఆడేనాటికి ఆయనకి 51, ఎదుట ఉన్న జో స్మిత్‌కి 27. ఎనిమిదో రౌండ్‌లో దెబ్బలకు తాళ్ల మధ్యలోంచి రింగ్ బయటికి, వెనక్కి పడిపోయాడు. ఇచ్చిన 20 సెకన్లలో తిరిగి రింగ్‌లోకి రాలేకపోయాడు. దెబ్బ ఎటు నుంచి వస్తుందో అనుభవం చెప్తుంది. తప్పుకోవాల్సింది నడుమూ కాళ్లూ.

2017లో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఇద్దరు హెవీవెయిట్లు తలపడ్డారు. వ్లాదిమిర్ క్లిచ్కోకి 41 ఏళ్లు, ఆంథోనీ జాషువాకి 27. ఆరో రౌండ్‌లో జాషువాని క్లిచ్కో కింద పడేశాడు. అక్కడే ముగించాల్సింది, ముగించలేకపోయాడు. పదకొండో రౌండ్‌లో రిఫరీ ఆపింది క్లిచ్కో కోసం. అతనికి అదే ఆఖరి ఫైట్ అయింది.

అపోహ: దెబ్బలు తిని తిని దవడ రాటుదేలుతుంది.

వాస్తవం: ఇది పూర్తిగా తప్పు, చాలా ప్రమాదకరమైన తప్పు. పిడికిలి గట్టిపడుతుంది, మెడ కండ బలపడుతుంది. మెదడు గట్టిపడదు. వయసుతో అది కొద్దికొద్దిగా కుంచించుకుపోతుంది. మెదడు పైభాగాన్ని పుర్రె కింది పొరతో కలిపే సన్నటి సిరలు దాంతో సాగి బిగుసుకుంటాయి. తల ఒక్కసారిగా పక్కకి తిరిగినప్పుడు ఆ సిరలు తెగితే లోపల రక్తం చేరుతుంది. ఇరవై ఐదేళ్లప్పుడు తల దులుపుకుని పోయిన దెబ్బే నలభైలో మనిషిని పడేయొచ్చు.

గ్లోవ్స్ మందంగా ఉంటే తలకి రక్షణ అనుకోవడం కూడా పొరపాటే. అవి ప్రధానంగా కాపాడేది కొట్టేవాడి చేతి ఎముకల్ని. ఇంకో మాట, జనం చూసే దెబ్బలు ఫైట్‌లోవి మాత్రమే. అంతకంటే ఎక్కువ దెబ్బలు జిమ్‌లో స్పారింగ్‌లో, అంటే సాధన కోసం ఆడే ఫైట్లలో, పడతాయి. వయసైన బాక్సర్‌కి స్పారింగ్ రౌండ్లు తగ్గిస్తే ఆయన చిన్నబుచ్చుకుంటాడు. అయినా తగ్గించాల్సిందే.

అపోహ: సన్నబడ్డాడు, డాక్టర్లు సరే అన్నారు. అంటే సిద్ధంగా ఉన్నట్టే.

వాస్తవం: 1980 అక్టోబర్ 2న లాస్ వేగాస్‌లో అప్పటి ఛాంపియన్ లారీ హోమ్స్ మీదికి దిగిన మహమ్మద్ అలీ ఫోటోలు చూడండి. 38 ఏళ్లు, పొట్ట లేదు, జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది. పాత అలీ తిరిగొచ్చాడని అందరూ సంబరపడ్డారు. ఆ సన్నదనం వెనక థైరాయిడ్ మందు ఉంది. ఒంట్లో నీరు, ఓపిక రెండూ ఇంకిపోయిన మనిషి రింగ్‌లోకి వచ్చాడు. ముక్కుని వేలితో తాకమంటే గురి కొంచెం తప్పుతోందని, ఒంటికాలి మీద గెంతడంలో ఉండాల్సిన చురుకు లేదని ఫైట్‌కి ముందు అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి పరీక్షల్లో రాశారు. అయినా ఫైట్ ఆడేందుకు లైసెన్స్ వచ్చింది. అంతకు మూడేళ్ల ముందే, 1977లో, ఇక ఆపేయమని చెప్పినా వినకపోవడంతో ఆయన డాక్టర్ ఫెర్డీ పచెకో తప్పుకున్నాడు.

ఆ రాత్రి పది రౌండ్లు జరిగాయి. జడ్జిలు పదికి పదీ హోమ్స్‌కే ఇచ్చారు. ఆ తర్వాత కూడా అలీ ఆగలేదు. 1981 డిసెంబర్‌లో బహామాస్‌లో ట్రెవర్ బెర్బిక్ చేతిలో ఓడాకే ఆపాడు. 1984లో పార్కిన్సన్స్ లక్షణాలు ఉన్నాయని తేల్చారు. పరీక్ష కాగితం ఆ రోజు మనిషి ఎలా ఉన్నాడో చెప్తుంది. ఎనిమిదో రౌండ్‌లో ఎలా ఉంటాడో చెప్పదు.

అపోహ: డబ్బు కోసమే దిగుతారు.

వాస్తవం: కొందరి విషయంలో నిజమే. 1951లో 37 ఏళ్ల మాజీ ఛాంపియన్ జో లూయిస్ తనకంటే చిన్నవాడైన రాకీ మార్సియానోతో ఆడే నాటికి అమెరికా ప్రభుత్వానికి పెద్ద మొత్తంలో పన్ను బాకీ ఉన్నాడు. కానీ ఏ అప్పూ లేనివాళ్లు కూడా దిగడం నేను చూశాను. పొద్దున్నే లేచి పరిగెత్తడం తప్ప రోజు ఎలా మొదలవుతుందో వాళ్లకి తెలియదు.

అపోహ: గెలిచిన కుర్రాడికి అదంతా పండగే.

వాస్తవం: హోమ్స్ ఒకప్పుడు అలీకి స్పారింగ్ పార్ట్‌నర్. ఆ ఫైట్ గెలిచాక ఏడ్చాడు.

అపోహ: కార్నర్ వాళ్లే ఆపేస్తే ఛాంపియన్ పరువు పోతుంది.

వాస్తవం: ఛాంపియన్ తనంతట తాను ఆగడు. ఆగే అలవాటు ఉంటే అసలు ఛాంపియన్ అయ్యేవాడే కాదు. హోమ్స్‌తో ఫైట్‌లో పదో రౌండ్ తర్వాత ఇక చాలని అలీ ట్రైనర్ ఏంజెలో డండీ ఆపేస్తుంటే, అదే కార్నర్‌లో ఉన్న బండీనీ బ్రౌన్ ఇంకొక్క రౌండ్ అంటూ ఆయన స్వెటర్ పట్టుకుని లాగాడు. ఇద్దరికీ అలీ అంటే ప్రాణమే. డండీ చేసిందే సరైన పని.

మాకు దొరికేది ఒక్క నిమిషం. వాపు మీద చల్లటి ఇనుప ముక్క నొక్కాలి, కోసుకున్న చోట మందు పెట్టాలి, నీళ్లు పట్టాలి. వీటి మధ్యలోనే మనిషిని చూడాలి. నేను పైన చెప్పిన ఛాంపియన్ ఆఖరి ఫైట్‌లో ఆరో రౌండ్ తర్వాత కూర్చునే ముందు చెయ్యి వెనక్కి పెట్టి స్టూల్ కోసం తడుముకున్నాడు. స్టూల్ ఎప్పుడూ ఉండే చోటే ఉంది. ఎన్నో రౌండ్ అని అడిగితే సరిగ్గానే చెప్పాడు. దాన్ని నమ్మి ఇంకో రౌండ్‌కి పంపాను. పంపకుండా ఉండాల్సింది. ఏడో రౌండ్‌లో గ్లోవ్స్ పైకెత్తడమే కష్టమైంది. గంట మోగగానే రిఫరీని పిలిచి ఆపేయమన్నాను.

డ్రెస్సింగ్ రూమ్‌లో చేతుల టేప్ కత్తెరతో కోస్తుంటే అడిగాడు, "ఆపింది నువ్వేనా అన్నా?"

"నేనే రా."

ఇంకేం మాట్లాడలేదు, రెండో చెయ్యి చాపాడు. అటు నుంచి అటే స్కానింగ్‌కి తీసుకెళ్లాం. లోపల రక్తస్రావం కొన్నిసార్లు గంటల తర్వాత గానీ బయటపడదు. తలనొప్పి పెరిగినా, వాంతి అయినా, మాట తడబడినా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. అందుకే అలాంటి రాత్రి బాక్సర్‌ని ఒంటరిగా వదలకూడదు. మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తెల్లవారుజామున కళ్లు తెరిచి, నా పేరు పెట్టి పిలిచి, మంచినీళ్లు అడిగాడు.