కాన్ఫిగ్ ఫైల్ మార్చినా సెట్టింగ్ మారలేదా? అపోహలు - వాస్తవాలు

"ఫైల్‌ల మార్చినన్నా, అయినా తీసుకుంటలేదు. మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయనా?"

హన్మకొండ, కాజీపేట నుంచి నాకొచ్చే ఫోన్లు ఎక్కువగా ఇవే. వద్దు తమ్మీ, ముందు చెయ్యి కీబోర్డ్ మీద నుంచి తియ్యి.

అపోహ: కాన్ఫిగ్ ఫైల్‌లో, అంటే సెట్టింగులుండే ఫైల్‌లో, రాసి సేవ్ చేస్తే సాఫ్ట్‌వేర్ పాటించాల్సిందే. లేదంటే ఇన్‌స్టాలేషన్ పాడైనట్టే.

వాస్తవం: చాలా సర్వర్ ప్రోగ్రాములు ఆ ఫైల్‌ను స్టార్ట్ అయ్యేటప్పుడే చదువుతాయి. పైగా మీరు తెరిచిందీ, అది చదివేదీ ఒకే ఫైల్ కావాలని లేదు.

ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణానికి పీహెచ్‌పీలో రాసిన బిల్లుల సాఫ్ట్‌వేర్ ఉంది. మంచి మిర్చి సీజన్‌లో తక్‌పట్టీల (అమ్మకం చీటీల) ఫొటోలు అప్‌లోడ్ కావడం ఆగిపోయింది. పీహెచ్‌పీ మామూలుగా 2 ఎంబీ దాటిన ఫైల్‌ను తీసుకోదు. అక్కడి కుర్రాడు దాన్ని 20 చేశాడు, అపాచీ వెబ్ సర్వర్‌ను రీస్టార్ట్ చేశాడు, టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే తెరలో) చూస్తే 20 అనే వచ్చింది. బ్రౌజర్‌లో మాత్రం అదే ఎర్రర్. ఓనరేమో నెత్తి మీద నిలబడ్డాడు. పాపం, ఆ కుర్రాడు టెన్షన్‌లో మెషీన్ మొత్తం ఫార్మాట్ కొట్టబోయాడు. బిల్లుల డేటాబేస్ ఉన్నది ఆ మెషీన్‌లోనే!

ఉబుంటులో పీహెచ్‌పీకి సీఎల్‌ఐ (టెర్మినల్ కోసం), అపాచీ2 (వెబ్ కోసం) అని వేర్వేరు ఫోల్డర్లు, దేని ఐఎన్‌ఐ ఫైల్ (సెట్టింగుల ఫైల్) దానిదే. అతను మార్చింది టెర్మినల్‌కు పనికొచ్చేది. పీహెచ్‌పీ సెట్టింగులు చూపించే పీహెచ్‌పీఇన్ఫో పేజీని బ్రౌజర్‌లో తెరిస్తే 'లోడెడ్ కాన్ఫిగరేషన్ ఫైల్' అన్న వరుసలో అసలు ఫైల్ ఎక్కడుందో ఆ దారి కనిపించింది. అందులో మార్చాం. పోస్ట్ సైజు (ఒకేసారి పంపే మొత్తం డేటా) పరిమితి మామూలుగా 8 ఎంబీయే, దాన్నీ పెంచాం. అపాచీ ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే ఇంకో వెబ్ సర్వర్ ఉంటే దానికి మళ్లీ వేరే పరిమితి, మామూలుగా 1 ఎంబీ.

కాబట్టి ప్రోగ్రామ్‌నే అడగండి. గిట్‌లో (కోడ్ మార్పులు దాచే టూల్) 'షో ఆరిజిన్' ఆప్షన్ పెడితే ఏ విలువ ఏ ఫైల్ నుంచి వచ్చిందో చెప్తుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 'ఆల్టర్ సిస్టమ్' అనే కమాండ్ (9.4 వెర్షన్‌తో, 2014లో వచ్చింది) ఎవరైనా కొట్టి ఉంటే ఆ విలువ 'ఆటో డాట్ కాన్ఫ్'లో కూర్చుంటుంది. మీరు మెయిన్ ఫైల్‌ను ఎంత దిద్దినా చివరికి దానిదే చెల్లుతుంది.

కమాండ్ లైన్‌లో ఇచ్చిన సెట్టింగ్ శాశ్వతం అనుకుంటారు. సాధారణంగా అది ఫైల్‌ను మించి చెల్లుతుంది, కానీ ఆ ఒక్క రన్‌కే. ఎప్పటికీ ఉండాలంటే ప్రోగ్రామ్‌ను స్టార్ట్ చేసే సర్వీస్ ఫైల్‌లో రాయాలి.

కమాండ్ లైన్‌లో పాస్‌వర్డ్ భద్రం అన్నదీ ఉత్తిదే. అదే మెషీన్‌లో ఇంకొకరు 'పీఎస్' (నడుస్తున్న ప్రోగ్రాములు చూపే కమాండ్) కొడితే చాలాసార్లు కనిపిస్తుంది.

ఇక వాట్సాప్‌లో తిరిగే 'మైఎస్‌క్యూఎల్ స్పీడ్ ఫైల్' (మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ను స్పీడ్ చేస్తుందనే కాన్ఫిగ్ ఫైల్). ఎవరిదో 64 జీబీ ర్యామ్ మెషీన్ విలువలు మీ 4 జీబీ డబ్బాలో పేస్ట్ చేస్తే సర్వీసే లేవకపోవచ్చు. అది పంపినోడు ఫోన్ కూడా ఎత్తడు.