జ్వరం తగ్గినాక కూడా గుండె స్కాన్ ఎందుకంటే

పిల్లకాయలారా,

పక్కింటి చిన్నోడికి జ్వరం దిగిపోయినా మళ్ళీ మళ్ళీ గుండె స్కాన్‌కి ఎందుకు తీసుకుపోతా ఉన్నారు తాతా అని అడిగినారు కదా, ఫోన్లో అయితే సగమే అర్థమవుతుందని తిరుపతి నుంచి ఇది రాస్తా ఉండా.

వాడికొచ్చింది కవాసాకి జబ్బు. జపాన్లో తొమిసాకు కవాసాకి అనే పిల్లల డాక్టరు 1961లో మొదటి కేసు చూసినాడు, 1967లో 50 మంది పిల్లల గురించి రాసినాడు. ఎక్కువగా అయిదేళ్ళ లోపోళ్ళకే వస్తుంది. అయిదు రోజులైనా దిగని జ్వరం, పుసి లేకుండా ఎర్రబడే కళ్ళు, పగిలిన పెదాలు, ఒంటిమీద దద్దుర్లు. మామూలు వైరల్ జ్వరమే అనుకుని సిరప్ పోస్తా కూర్చుంటే లోపల రక్తనాళాలు వాచిపోతాయి, అందులోనూ గుండెకి రక్తం ఇచ్చే నాళాలే ఎక్కువ దెబ్బతింటాయి, అదే నాకు భయం.

ఈ వాపు లోపల ఎట్లా మొదలవుతుందో చెప్తా. కణంలో పనంతా చేసేది ప్రోటీన్లు. అవి తయారైపోయినాక కూడా వాటిమీద ఫాస్ఫేట్, అసిటైల్, యుబిక్విటిన్ లాంటి చిన్న చిన్న ముక్కలు వచ్చి అతుక్కుంటా ఉంటాయి. మన శ్రీనివాసం దగ్గర దర్శనం టోకెన్ ఇస్తారే, మనిషి అదే మనిషి, కానీ చేతిలో టోకెన్‌ని బట్టి ఎప్పుడు పోవాలి ఏ క్యూలో పోవాలి అన్నీ మారిపోతాయి, ఇదీ అంతే.

ఎన్ఎఫ్ కప్పా బి అని ఒక ప్రోటీన్ ఉంది, వాపు తెప్పించే జన్యువుల్ని ఆన్ చేసేది అది. మామూలప్పుడు ఇంకో ప్రోటీన్ దాన్ని కదలనీకుండా పట్టుకోనుంటుంది. ప్రమాదం అని సిగ్నల్ రాగానే ఆ పట్టుకున్నదానికి ఫాస్ఫేట్ తగులుతుంది, దాని వెనకే యుబిక్విటిన్, ఆ గుర్తు పడితే కణం దాన్ని ముక్కలు చేసేస్తుంది, ఇంక ఎన్ఎఫ్ కప్పా బి నేరుగా కేంద్రకంలోకి పోతుంది, వాపు మొదలు! ఇంత చిన్న అతుకుతో ఎంత పని జరిగిపోతుందో చూడండి. గుండె కండరంలో మైటోకాండ్రియా, అంటే కణానికి శక్తి తయారుచేసే భాగాలు, కూడా చాలా ఎక్కువ, అక్కడి ప్రోటీన్లకి అసిటైల్ ఎక్కువైనా తక్కువైనా శక్తి తయారీలో తేడా వస్తుంది. పరిశోధన కోసమని పిల్లోడి గుండె ముక్క కోయలేరు కాబట్టి, ఎలుకలకి ఒక బ్యాక్టీరియా గోడ నుంచి తీసిన సారం ఎక్కించి ఇట్లాంటి వాపే తెప్పించి, ఏ ప్రోటీన్‌కి ఏది అతికిందో మాస్ స్పెక్ట్రోమీటర్ అనే, అణువుల బరువు తూచే యంత్రంతో చూస్తారు.

ఇవేవీ థర్మామీటర్‌కి తెలియవు గదా, జ్వరం దిగినా నాళం ఉబ్బొచ్చు. వైద్యం చేయకపోతే నలుగురిలో ఒకరికి ఆ ఉబ్బు వస్తుంది, మొదటి 10 రోజుల్లో ఐవిఐజి, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు, నరంలోకి ఎక్కిస్తే నూటికి నలుగురైదుగురికే. అందుకే ఒకటి రెండు వారాలకి ఒకసారి, మళ్ళీ 4 నుంచి 6 వారాలకి ఒకసారి ఎకో, అంటే మీరడిగిన ఆ గుండె స్కాన్, తీస్తారు. సూది ఉండదు, నొప్పి ఉండదు, ఛాతీ మీద జెల్ రాసి చూస్తారంతే, ఆ సంగతి ముందు చిన్నోడికి చెప్పండి, వాడు భయపడతా ఉన్నాడంట.

మీ తాత