కల్లు కుండలో తిండికి తిమ్మరాజు

ఇంటర్లో నా దగ్గర కెమిస్ట్రీ చదువుకుని ఇప్పుడు పుణెలో ఉద్యోగం చేసుకుంటున్న ఒక కుర్రాడు మొన్న నాసిక్ వెళ్ళొచ్చాడు. ఒక్కడే కారు మాట్లాడుకుని, రోజంతా ద్రాక్షతోటలు తిరిగి, నాలుగు వైనరీల్లో రుచి చూసి, ఆ ఫొటోలన్నీ నాకు పంపాడు. వాటి కింద ఒక ప్రశ్న. "గోదావరి పుట్టిన చోట వైన్ ఉంది. సముద్రంలో కలిసే చోట ఎందుకు లేదు సార్?"

ద్రాక్ష సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. నాసిక్ దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంది. వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల్లో తీగ కత్తిరిస్తారు, చలి రాత్రుల్లో కాయ ఎదుగుతుంది, జనవరి నుంచి మార్చి దాకా కోత. మన డెల్టాలో ఆ చలీ లేదు, ఆ పొడిగాలీ లేదు. ఈ తేమకి ద్రాక్ష తీగని బూజు తెగుళ్ళు బతకనివ్వవు. అంతే. కానీ "వైన్ లేదు" అన్న మాట మాత్రం నేనొప్పుకోను. తీపి రసంలో చక్కెరని సూక్ష్మజీవులు తిని ఆల్కహాలు చెయ్యడమే వైన్ అయితే, మన వైనరీలు పొలం గట్ల మీద తాటి మొవ్వుల్లో వేలాడుతున్నాయి. జవాబు రాసే బదులు నేనూ ఒక్కణ్ణే బయల్దేరాను.

రాత్రి రాజోలులో ఉండి, తెల్లారకుండానే అంతర్వేది వైపు ఆటో ఎక్కాను. సంచిలో దిద్దాల్సిన పరీక్ష పేపర్లు, పులుపెంతో రంగు మారి చెప్పే పీహెచ్ కాగితాల డబ్బా, ఖాళీ నీళ్ళ సీసా. నాసిక్‌లో నాలుగు రుచులకి నాలుగు చోట్లకి వెళ్ళాలి. ఇక్కడ పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకే చెట్టు కింద కూచుంటే చాలు, కుండలో ఉన్నదే రుచి మార్చుకుంటూ పోతుంది.

ఆరింటికి గీసే ఆయన మోకు వేసుకుని పోతుతాడు, అంటే మగ తాటిచెట్టు, ఎక్కి రెండు కుండలు దించాడు. ఒకదానికి లోపల సున్నం రాశాడు, రెండోదానికి రాయలేదు. రెండూ రాత్రంతా ఒకే చెట్టుకి పక్కపక్కన వేలాడినవే. నేను కాగితం ముక్క ముంచడం చూసి నవ్వాడు.

"ఏంటి మేష్టారూ, తాగడానికొచ్చారా, కొలవడానికొచ్చారా?"

"రెంటికీనండి."

సున్నం కుండలో కాగితం నీలానికి తిరిగింది. అది నీరా, అంటే పులవని రసం. నాలిక మీద పల్చటి చెరుకురసంలా ఉండి, చివర్లో తమలపాకు సున్నం తగులుతుంది. రెండో కుండ మీద వేలెడు నురగ. అందులో తేలుతున్న రెండు తేనెటీగల్ని ఆయన వేలితో పక్కకి తీసి తాటాకు డొప్పలో పోశాడు. పచ్చి ఆకు వాసన, దాని వెనక పులిసిన దోసెపిండి వాసన, మీసానికి నురగ. తీపి ఉంది గానీ నాలిక చివర చిమచిమలాడుతోంది. కాగితం 5 దగ్గర ఆగింది. చెట్టు నుంచి కారేటప్పుడు రసం పీహెచ్ 7కి దగ్గరగా ఉంటుంది. పీహెచ్ ఒక్క మెట్టు దిగితే ఆమ్లం పదింతలైనట్టు. అంటే ఒక్క రాత్రిలో ఆమ్లం దాదాపు వంద రెట్లయింది. వైనరీలో ద్రాక్షరసానికి రోజులూ వారాలూ పట్టే పని ఇక్కడ రాత్రికి రాత్రే ఎలా నడుస్తోంది? నాకు ముచ్చటైన విషయం ఇదే. కాస్త ఓపిక పట్టండి.

వైన్‌లో పని చేసేది ఈస్ట్ అనే సూక్ష్మజీవి. కల్లులోనూ ఈస్టులున్నాయి, వాసనల్లో పెద్ద వాటా వాటిదే. కానీ వాటి పక్కనే జైమోమోనాస్ మొబిలిస్ అనే బాక్టీరియా ఉంది. "తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు" అన్న సామెత దీన్ని చూసే పుట్టిందేమో అనిపిస్తుంది నాకు. ఒక గ్లూకోజ్ అణువుని ఆల్కహాలు దాకా తీసుకెళ్తే ఈస్ట్‌కి మిగిలే లాభం 2 ఏటీపీలు. ఏటీపీ అంటే కణంలో చెల్లే నాణెం. తిమ్మరాజుకి మిగిలేది ఒక్కటే.

ఎందుకంటే రెండూ వేరే దారుల్లో వెళ్తాయి. ఈస్ట్ ముందుగా 2 ఏటీపీలు పెట్టుబడి పెట్టి, గ్లూకోజ్‌ని రెండు సమాన ముక్కలు చేసి, రెండు ముక్కల మీదా రెండేసి సంపాదిస్తుంది. మొత్తం 4, లాభం 2. తిమ్మరాజు ఒక్క ఏటీపీయే పెడుతుంది. కానీ చీల్చేటప్పుడు ఒక ముక్క నేరుగా, రెండు దారులూ చివరికి చేరే పైరువేట్ అనే పదార్థమయి చేతికొస్తుంది, దాని మీద పైసా రాదు. రెండో ముక్క మీదే 2 వస్తాయి. లాభం 1. ఎంట్నర్, డూడరాఫ్ అనే ఇద్దరు 1952లో ఇంకో బాక్టీరియాలో ఈ దారి కనిపెట్టారు, అందుకే వాళ్ళ పేరే పెట్టారు. అక్కణ్ణించి రెండు జీవులదీ ఒకే కథ: పైరువేట్ నుంచి కార్బన్ డయాక్సైడ్ ఊడిపోయి ఎసిటాల్డిహైడ్, దాన్నించి ఆల్కహాలు.

ఇప్పుడు లెక్క చూడండి. వెయ్యి ఏటీపీలు కావాలంటే ఈస్ట్‌కి 500 గ్లూకోజులు చాలు. తిమ్మరాజుకి 1000 కావాలి. ఒక్కో గ్లూకోజ్‌కి రెండు ఆల్కహాలు అణువులు. అంటే అదే సంపాదనకి ఈస్ట్ 1000 అణువులు వదిలితే ఇది 2000 వదులుతుంది. పెళ్ళి బంతిలో పక్కాయన రెండు గారెలతో లేస్తుంటే నాలుగు తింటే గానీ కడుపు నిండని మనిషనుకోండి. తినడమే కాదు, గబగబా తినాలి. అందుకే దీని ఒళ్ళంతా పళ్ళే. కణంలో కరిగి ఉండే ప్రోటీన్లలో దాదాపు సగం ఈ చక్కెర విరిచే ఎంజైములే. ఒళ్ళు చెయ్యదు కూడా. ఎంత తిన్నా శరీరం పెంచుకునేది తక్కువ, సిద్ధాంతం ప్రకారం రావాల్సిన ఆల్కహాలులో 97 శాతం దాకా బయటికే పోతుంది. ఇంత దుబారా జీవి బతికి బట్టకట్టడం ఎలాగంటే, తాటి రసంలో నూటికి 10 నుంచి 15 పాళ్ళు చక్కెర. వడ్డనకి లోటు లేని బంతిలో పొదుపరికి ఏం లాభం? పైగా తిమ్మరాజు వదిలే ఆల్కహాలు పక్క విస్తళ్ళలో విషంలా పనిచేస్తుంది. తన పొరలో హోపనాయిడ్లనే కొవ్వు పదార్థాలు ఉండడంతో తనకి మాత్రం అది పెద్దగా అంటదు.

ఇదంతా పాఠ్యపుస్తకంలో ఒక్క బాణం గుర్తు. ఎడమ పక్క గ్లూకోజ్, కుడి పక్క ఆల్కహాలు. ముప్పై ఏళ్ళు ఆ బాణం నేనే బోర్డు మీద గీశాను, రెండు మార్కుల ప్రశ్నగా.

గీసే ఆయన హస్తవాసి మంచిదని ఊళ్ళో పేరు. ఆయన కట్టిన కుండ తప్పదట. ఉండచ్చు. నాకైతే వాసి చేతిలో కన్నా కుండలో ఉందనిపించింది. ఖాళీ చేసిన కుండని ఆయన తోమడు, నీళ్ళతో తొలిపి మళ్ళీ కడతాడు. మట్టి రంధ్రాల్లో నిన్నటి తిమ్మరాజులు సిద్ధంగా కూచుని ఉంటారు, మొదటి చుక్క పడగానే వడ్డన మొదలు. సున్నం ఆ వడ్డన్నే ఆపుతుంది. అంత క్షారంలో ఎవరూ నోరు తెరవలేరు.

మధ్యాహ్నానికి అదే కల్లులో తీపి సగం పోయింది. కాగితం 4కి దిగింది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే: పులుపు, తీపి, బుడగ మూడూ సమానంగా ఉన్న గంట. సాయంత్రానికి తీపి లేదు, ఘాటు మిగిలింది. నిన్నటి కుండ అడుగున ఉన్నది కూడా ఒక గుక్క ఇమ్మన్నాను. ఆయన వద్దంటూనే ఇచ్చాడు. వెనిగర్! గాలి తగిలితే చాలు, ఎసిటిక్ ఆమ్లం చేసే బాక్టీరియా వచ్చి తిమ్మరాజు వదిలిన ఆల్కహాలుని తినేస్తుంది.

అందుకే చెట్టుకి దూరంగా, పట్నంలో, రోజంతా ఒకే రుచితో దొరికే కల్లుని నేను నమ్మను. కల్లుకి ఆగే గుణం లేదు. క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపి అమ్మినవాళ్ళు పట్టుబడిన కేసులు ఊరికే రాలేదు.

ఇంత తెలిసీ నేను చేసిన పని వినండి. నీళ్ళ సీసా నిండా పొద్దుటి కల్లు పోయించుకుని, మూత బిగించి, పరీక్ష పేపర్ల పక్కన పెట్టుకున్నాను. లీటరు రసంలో 120 గ్రాముల చక్కెర ఉందనుకుంటే, అంతా పులిసేసరికి 65 గ్రాముల ఆల్కహాలు, 62 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. ఆ గ్యాసు మన ఎండల్లో దాదాపు 35 లీటర్ల చోటు పడుతుంది. రాత్రి కొంత పోయినా, మిగిలింది చిన్న సీసాకి చాలా ఎక్కువ. సాయంత్రం బస్సు ఎక్కిన కాసేపటికి సంచిలో పటాసు పేలినట్టయింది. పక్క సీటు ఆవిడ నా వంక చూసి, ఏమీ అనకుండా, ముందు సీటుకి మారింది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. నా సంచిలో ఉన్నది కల్లే కాబట్టి నేనూ ఏమీ అనలేకపోయాను.

పేపర్లు దండెం మీద ఆరేసి, దిద్ది, సోమవారం క్లాసులో పంచాను. ముందు బెంచీ వాళ్ళు మార్కులు చూడకముందే కాగితం ముక్కు దగ్గర పెట్టుకున్నారు. అందులో ఈథైల్ ఎసిటేట్, అంటే ఆల్కహాలూ ఎసిటిక్ ఆమ్లమూ కలిస్తే వచ్చేదాని, వాసన ఎవరు చెబుతారని అడిగేలోపు బెల్లు కొట్టారు.