కాకి ఏ మాటకు వచ్చింది?

మా అమ్మమ్మ పదో రోజు కార్యానికి గోదావరి గట్టున పిండం పెట్టి అరగంట దాటినా కాకి ముట్టలేదు. "చిన్నదాని పెళ్లి చూడలేదని బెంగేమో, మేం చేస్తాంలే అమ్మా" అని మావయ్య దండం పెట్టాడో లేదో, ఎక్కడి నుంచో ఒక కాకి దిగి ముద్ద ఎత్తుకుపోయింది. అందరూ ఏడ్చేశారు, నేనూ ఏడ్చాను. నిజంగా అమ్మమ్మే వచ్చిందా అన్న ప్రశ్న మాత్రం అప్పటి నుంచి నన్ను వదల్లేదు.

ఇలాంటి వాటికి మనవాళ్లు పెట్టిన పేరులోనే కాకి ఉంది. కాకతాళీయం. కాకి రావడం, అదే క్షణంలో తాటిపండు రాలడం. పాణిని సూత్రానికి వ్యాఖ్య రాస్తూ కాశికావృత్తి ఈ మాటను ఉదాహరణగా చూపింది, దాని పక్కనే అజాకృపాణీయం కూడా ఉంది: మేక అటు రావడం, కత్తి దాని మీద పడడం. ఘుణాక్షర న్యాయం నాకు ఇంకా ఇష్టం. పురుగు కర్రను తొలుస్తూ పోతే ఒక చోట అక్షరంలా కనిపిస్తుంది, అంతమాత్రాన పురుగుకు చదువొచ్చని ఎవరూ అనరు కదా.

యాదృచ్ఛికం కాదు, దేవుడి పనే అని లెక్క వేసి మరీ చూపించాలనుకున్నవాడు జాన్ అర్బత్‌నాట్, ఇంగ్లండ్ రాణి ఆన్ దగ్గర వైద్యుడు. లండన్‌లో 1629 నుంచి 1710 దాకా బాప్తిస్మాల రికార్డులు తీస్తే 82 ఏళ్లూ, ఒక్క ఏడాది కూడా తప్పకుండా, మగపిల్లలే ఎక్కువ. నాణెం ఎగరేస్తే వరసగా 82 సార్లు బొమ్మే పడినట్టు. అలా జరిగే అవకాశం 25 అంకెల సంఖ్యలో ఒకటో వంతు, కాబట్టి ఇది దైవ సంకల్పమే అన్నాడు. లెక్క తప్పు కాదు. కానీ గణితవేత్త నికొలాస్ బెర్నూలీ అడ్డుపడ్డాడు: 35 ముఖాల పాచిక ఒకటి ఊహించుకోండి, 18 ముఖాలు మగ, 17 ఆడ, దాన్ని ఏటా వేల సార్లు వేస్తే ప్రతి ఏడూ మగవైపే మొగ్గడంలో వింతేముంది? సగం సగం అన్న ఊహ తప్పని తేలిందంతే, దేవుడు ఉన్నాడని తేలలేదు. ఈ వాదం మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైన మెట్టు ఇదే. ఎంత అరుదైనదైనా, ఆ అరుదుతనం ఒక్కటే సాక్ష్యం అయిపోదు, ఇంకేం కారణం ఉండొచ్చో కూడా చూడాలి.

1952లో మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ ఇలాంటి కలయికలకు కార్యకారణాలతో పనిలేని ఒక సూత్రం ఉందని రాశాడు. ఒక పేషెంట్ తన కలలోని బంగారు పురుగు గురించి చెబుతుండగా అలాంటి పురుగే వచ్చి కిటికీకి కొట్టుకుందట. ఎన్ని కలలు చెప్పుకున్నప్పుడు కిటికీ దగ్గరికి ఏమీ రాలేదో మాత్రం ఎవరూ లెక్క రాయరు.

ఆ లెక్కను ముందుకు తెచ్చింది 1989లో గణాంకవేత్తలు డయాకోనిస్, మోస్టెల్లర్ రాసిన పేపర్. న్యూజెర్సీలో ఒకామె నాలుగు నెలల్లో రెండుసార్లు లాటరీ గెలిస్తే, అది 17 లక్షల కోట్లలో ఒక్కసారి జరిగేదని పత్రికల్లో రాశారు. కానీ ఆమే గెలవాలని కాకుండా, అమెరికా మొత్తంలో ఎవరో ఒకరికి నాలుగు నెలల్లో ఇలా జరిగే అవకాశం చూస్తే అది ముప్పైలో ఒకటి కన్నా ఎక్కువే. ఏడేళ్లు తీసుకుంటే జరగకపోవడం కన్నా జరగడానికే అవకాశం ఎక్కువ.

అది చదివాక గట్టు మీది అరగంట మళ్లీ గుర్తు చేసుకున్నాను. మావయ్య కంటే ముందు పెద్దమ్మ "ఇల్లు అమ్మం అమ్మా" అంది. తాతయ్యను బాగా చూసుకుంటామని పిన్ని చెప్పింది. అరిసెలు పెట్టలేదని ఒకరు ఇంటికి పరిగెత్తారు. కాకి వీటిలో దేనికి వచ్చినా ఆ మాటే మా ఇంట్లో కథగా మిగిలేది. దేవుడు లేడనో, ఆత్మ లేదనో ఇది తేల్చదు, ఆ కాకి మాత్రం సాక్షి కాదంటాను.

చిన్నదాని పెళ్లి ఆ మాఘంలోనే చేశాం.