పెరుగు కుండ నుంచి సముద్రపు నాచు దాకా

బెంగళూరు మారతహళ్లిలో మా వీధి మందుల దుకాణంలో ఈ మధ్య తరచు తెలుగులో వినిపిస్తున్న మాట: "అత్తయ్యకు మతిమరుపు ఎక్కువైందండీ. ప్రోబయాటిక్ గోలీలు, అంటే పేగుకు మేలు చేసే సూక్ష్మజీవుల గోలీలు, వేస్తే తగ్గుతుందట కదా?" ఈ ఆశ వాట్సాప్‌లో పుట్టింది కాదు. దానికి నూరేళ్లు దాటాయి.

1906లో జర్మనీలో అలోయిస్ అల్జీమర్ మతిమరుపు ముదిరి చనిపోయిన ఒక రోగి మెదడులో తాను చూసిన గారలను (పేరుకున్న ముద్దలను), నరకణాల్లోని చిక్కుముడులను తోటి వైద్యులకు వివరించాడు. ఆ జబ్బుకే తర్వాత ఆయన పేరు పెట్టారు. మరుసటి ఏడాదే పారిస్‌లో రష్యన్ శాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్, పెద్దపేగులో కుళ్లు పుట్టించే సూక్ష్మజీవులే ముసలితనాన్ని ముందుకు తెస్తాయని, పుల్లటి పెరుగు వాటిని అణచగలదని రాశాడు. 1908లో ఆయనకు నోబెల్ వచ్చింది, రోగనిరోధక శక్తిపై పరిశోధనకు. పెరుగుకు వచ్చిందనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు!

ఈ రెండు దారులూ కలవడానికి శతాబ్దం పట్టింది. 2016లో షికాగో విశ్వవిద్యాలయంలో సంగ్రామ్ సిసోడియా బృందం ఎలుకలకు పేగు సూక్ష్మజీవులను మార్చే యాంటీబయాటిక్‌లు చాలాకాలం ఇస్తే మెదడులో అల్జీమర్ చూసినలాంటి గారలు (అమిలాయిడ్ అనే ప్రొటీన్ ముద్దలు) తగ్గాయి. తర్వాత చూస్తే ఆ ఫలితం మగ ఎలుకలకే పరిమితం. 2017లో అమెరికాలోనే విస్కాన్సిన్ పరిశోధకులు అల్జీమర్స్ రోగుల పేగుల్లో సూక్ష్మజీవుల వైవిధ్యం తక్కువని గుర్తించారు. అయితే మతిమరుపు ముదిరిన మనిషి తిండి మారుతుంది, నడక తగ్గుతుంది, మలబద్ధకం వస్తుంది. పేగు చెడి మెదడు చెడిందా, మెదడు చెడి పేగు చెడిందా? 2023లో రోగుల మలంలోని సూక్ష్మజీవులను ఎలుకలకు ఎక్కిస్తే వాటి జ్ఞాపకశక్తి దెబ్బతింది. మొదటి అనుమానానికి బలం చేకూరింది కానీ, ఎలుక ఎలుకే.

మనుషుల దాకా వచ్చిన మందు ఒకటుంది. గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసిన జీవీ-971. పేగు సూక్ష్మజీవులను సర్దితే మెదడు కణజాలంలోని వాపు (ఇన్‌ఫ్లమేషన్) తగ్గుతుందన్నది దాని వెనుక వాదన. 818 మందిపై 36 వారాల పరీక్ష ఆధారంగా 2019 నవంబరులో చైనా షరతులతో అనుమతి ఇచ్చింది. ఏళ్లూ పూళ్లూ నమిలే జబ్బుకు 36 వారాలు చాలవని బయటి నిపుణులు అప్పుడే పెదవి విరిచారు. ఇతర దేశాల్లో మొదలుపెట్టిన పెద్ద పరీక్షను 2022లో ఆ మందు కంపెనీయే మధ్యలో ఆపేసింది. నా దృష్టిలో మొత్తం కథలో గుర్తుంచుకోవలసిన ఘట్టం ఇదే.

ఏది ముందో తేలాలంటే, జబ్బు రాకముందు నుంచే మనుషులను ఏళ్ల తరబడి వెంబడించాలి. ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలోని మెదడు పరిశోధన కేంద్రం, తెలుగు ఇంటింటా వినిపించే కోలారు జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో 45 దాటిన పదివేల మందిని అలా గమనించాలని పూనుకుంది.

మందుల దుకాణం ఆయన మాత్రం అత్తయ్యగారికి బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించారా అని అడుగుతున్నాడు. వాటి లోపంతో వచ్చిన మతిమరుపు చాలాసార్లు వైద్యంతో తగ్గుతుంది.