కోర్టుహౌస్ స్క్వేర్‌లో పాత గోడలు: అపోహలు - వాస్తవాలు

టెక్సాస్‌లో పాత కౌంటీ కోర్టుహౌస్‌ల రాతిపని బాగుచేయించడం నా ఉద్యోగం. కోర్టుహౌస్ చుట్టూ ఉండే స్క్వేర్‌లో పాత షాపులు కొన్న మనవాళ్లు కూడా ఈ మధ్య ఫోన్ చేస్తున్నారు. అందరిదీ ఒకటే మాట: "ఇటుకల సందుల్లో సున్నం రాలుతోందండీ, కాంట్రాక్టరు గట్టి సిమెంటు పెడతానన్నాడు."

అపోహ: సున్నం కంటే సిమెంటు గట్టిది కాబట్టి గోడకు మంచిది.

వాస్తవం: ఆ గట్టిదనమే గోడను తినేస్తుంది. 1880లు, 90లలో కట్టిన ఈ గోడలు చాలావరకు సున్నపు మోర్టారువి, అంటే రాళ్లనూ ఇటుకలనూ అతికించింది సున్నపు ముద్దతోనే. వాన వల్లో, నేల చెమ్మ వల్లో గోడలోకి నీరు చేరక తప్పదు. మెత్తటి సున్నమైతే ఆ చెమ్మ సందుల్లోంచే ఆరిపోతుంది. సిమెంటు పెడితే ఆ దారి మూసుకుపోయి, నీరు రాయిలోంచీ ఇటుకలోంచీ బయటికి రావాలి. దాంతోపాటు వచ్చిన ఉప్పు పైపొర కింద పేరుకుని, పెచ్చులు లేపేస్తుంది. సున్నం అరిగితే మళ్లీ నింపుకోవచ్చు, అరిగిన రాయిని ఎక్కడినుంచి తెస్తాం?

పోయిన వేసవిలో ఒక తమ్ముడు తన రెండంతస్తుల షాపు చూడమని పిలిచాడు. సిమెంటు గీతలు చెక్కుచెదరకుండా, కిటికీ చట్రంలా ముందుకు పొడుచుకొచ్చి ఉన్నాయి. మధ్యలో ఇటుకలు అర అంగుళం లోపలికి పోయాయి. వేలితో గీస్తే గోరు నిండా ఎర్రపొడి. "అన్నా, కూలిపోతుందా?" అన్నాడు. రాత్రుళ్లు నిద్రపోవట్లేదట. కూలదని చెప్పాను, అది నిజమే. పోయింది పైముఖం, బరువు మోసే మందం ఇంకా ఉంది. కానీ ఆ సిమెంటును ఉలితో చేత్తో తీయించాల్సి వచ్చింది, గ్రైండర్ పెడితే మిగిలిన అంచులూ పోతాయి. పాయింటింగ్‌కి, అంటే సందులు మళ్లీ నింపడానికి, అయినదానికంటే దాన్ని తీయడానికే ఎక్కువైంది.

మా తాతగారి ఇల్లు గానుగ సున్నంతో కట్టింది. ఎద్దు గుండ్రంగా తిరుగుతుంటే సున్నం, ఇసుక రోజుల తరబడి నలిగేవని నాన్న చెప్పేవారు. ఆ గోడకు ఎవరో సిమెంటు పూత పూస్తే, రెండు వర్షాకాలాలకే అట్టకట్టి ఊడింది. కారణం నాకు ఈ పనిలోకి వచ్చాకే అర్థమైంది.

కాంట్రాక్టరును రెండే అడగండి: పాత మోర్టారు ముక్క పరీక్ష చేయించారా? మిక్స్‌లో సున్నమెంత? "టైప్ ఎస్ బస్తా (సిమెంటు ఎక్కువున్న రెడీమేడ్ మోర్టారు) సరిపోతుంది" అంటే అక్కడే ఆపేయండి. వాటర్‌ప్రూఫ్ కోటింగూ వద్దు, లోపలి చెమ్మకు అదీ అడ్డే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. వాక్సహాచీలో 1897 నాటి ఎల్లిస్ కౌంటీ కోర్టుహౌస్ మీద వికారమైన ముఖాలున్నాయి. అమ్మాయి కాదన్నదని శిల్పి కోపంతో చెక్కాడన్న కథకు ఆధారం లేదు. అలాంటి ముఖాలు ఆ కాలపు రోమనెస్క్ శైలిలో (గుండ్రటి ఆర్చీలు, బరువైన రాతిపని ఉండే శైలి) మామూలే. టవర్ హంగు కోసమేనన్నదీ తప్పు. దాన్ని డిజైన్ చేసిన జె. రైలీ గోర్డన్ తన కోర్టుహౌస్‌లలో మధ్య టవర్‌ను వేడిగాలి పైకి లాగే గొట్టంలా వాడుకున్నాడు.

ఇక "నేషనల్ రిజిస్టర్‌లో (చారిత్రక కట్టడాల జాతీయ జాబితా) పేరుంటే మేకు కూడా కొట్టనివ్వరు" అన్న టెన్షన్. మీ డబ్బుతో మీ బిల్డింగ్‌కు చేసుకునే పనిని రిజిస్టర్ ఆపదు. ఆంక్షలుంటే సిటీ ఆర్డినెన్సులో ఉంటాయి, అది చదవండి. పైగా రిజిస్టర్‌లో ఉన్న వ్యాపార భవనాన్ని నిబంధనల ప్రకారం పెద్దయెత్తున బాగుచేయిస్తే అర్హమైన ఖర్చులో 20 శాతం ఫెడరల్ టాక్స్ క్రెడిట్‌గా వస్తుంది. పని మొదలుపెట్టకముందే అప్లై చేయండి, సిమెంటు కొట్టేశాక కాదు.