నక్షత్రాన్ని కదిలించే గ్రహాలు

ఇతర నక్షత్రాల చుట్టూ ఇప్పటికి 6000కు పైగా గ్రహాలను గుర్తించారు కదా, వాటిలో నిజంగా చూసినవి ఎన్ని అని ఒక పాఠకుడు అడిగారు. టెలిస్కోపు చిత్రంలో నేరుగా కనిపించినవి చాలా కొద్ది. సూర్యుడి వంటి నక్షత్రం పక్కన భూమి వంటి గ్రహం వెలుగు సుమారు వెయ్యి కోట్లలో ఒక వంతు. గ్రహం అడ్డు వచ్చినప్పుడు నక్షత్రం వెలుగు తగ్గడాన్ని బట్టి దొరికినవే ఎక్కువ. నాకు మాత్రం అంతకన్నా అద్భుతంగా తోచేది మరో పద్ధతి: గ్రహం వంక చూడకుండా, అది తన నక్షత్రాన్ని ఎంత కదిలిస్తోందో కొలవడం.

గ్రహం నక్షత్రం చుట్టూ తిరుగుతుందని బడిలో చెప్పి ఊరుకుంటాం. నిజానికి రెండూ ఒక ఉమ్మడి బిందువు చుట్టూ తిరుగుతాయి. కావడికి ఒకవైపు బరువైన కుండ, మరోవైపు తేలికైనది ఉంటే, మోసేవారి భుజం బరువైన కుండకు దగ్గరగా ఉండాలి. సూర్యుడు గురుగ్రహం కన్నా సుమారు 1047 రెట్లు బరువు. ఇద్దరి మధ్య దూరం దాదాపు 78 కోట్ల కిలోమీటర్లు. ఆ లెక్కన ఈ కావడికి భుజం సూర్యకేంద్రం నుంచి సుమారు 7.4 లక్షల కిలోమీటర్ల దూరాన, అంటే సూర్యుడి ఉపరితలానికి కాస్త బయట పడుతుంది. గురుడి కారణంగా సూర్యుడు ఆ బిందువు చుట్టూ సుమారు 12 ఏళ్లకు ఒకసారి తిరుగుతాడు. వేగం సెకనుకు 12.5 మీటర్లు. అదే కావడికి అవతల భూమిని పెడితే భుజం సూర్యకేంద్రానికి 450 కిలోమీటర్ల దూరానికి వచ్చేస్తుంది. వేగం సెకనుకు 9 సెంటీమీటర్లే.

గ్రహాల ప్రభావం గురించి జాతకాలు చెప్పేవారు చాలా మాట్లాడతారు. గురుడు సూర్యుడిని ఎంత కదిలిస్తాడో సెకనుకు మీటర్లలో చెప్పగలం, ఎవరైనా లెక్కగట్టి సరిచూసుకోవచ్చు. జాతకచక్రంలోని ప్రభావానికి అలాంటి కొలత ఒక్కటీ లేదు.

నక్షత్రం మన వైపు వస్తుంటే దాని వర్ణపటంలోని నల్లని గీతలు నీలం వైపు, దూరమవుతుంటే ఎరుపు వైపు జరుగుతాయి. ఇది డాప్లర్ ప్రభావం. సెకనుకు 12.5 మీటర్ల వేగానికి తరంగదైర్ఘ్యంలో వచ్చే తేడా రెండున్నర కోట్లలో ఒక వంతుకు అటూ ఇటూ. చిలీలోని లా సియా వేధశాలలో ఉన్న హార్ప్స్ పరికరం సెకనుకు ఒక మీటరు తేడాను కూడా పసిగట్టగలదు. అప్పుడు గీత డిటెక్టరు మీద జరిగేది ఒక పిక్సెల్‌లో సుమారు వెయ్యో వంతు. ఒక్క గీతతో ఇది సాధ్యం కాదు, వేల గీతలను కలిపి సగటు తీస్తారు. వేడికి పరికరం వ్యాకోచిస్తే కొలత మొత్తం పాడవుతుంది కనుక దాన్ని శూన్యపు గదిలో, డిగ్రీలో వందో వంతు మేరకు స్థిరమైన ఉష్ణోగ్రతలో ఉంచారు.

1995లో స్విట్జర్లాండ్ ఖగోళ శాస్త్రవేత్తలు మిషెల్ మేయర్, డిడియే కెలో ఫ్రాన్స్‌లోని ఓట్ ప్రొవాన్స్ వేధశాల నుంచి 51 పెగాసీ నక్షత్రం చుట్టూ గ్రహాన్ని కనుగొన్నారు. దానికి 2019లో నోబెల్ వచ్చింది. ఆ గ్రహం బరువు గురుడిలో కనీసం సగానికి దగ్గర, ఒక చుట్టుకు పట్టేది 4.23 రోజులే. కావడి మళ్లీ చూడండి: గ్రహం అంత దగ్గరగా ఉంది కనుక భుజం నక్షత్రకేంద్రానికి సుమారు 3 వేల కిలోమీటర్ల దూరంలోనే ఉంది. చుట్టు చిన్నదైనా నాలుగు రోజుల్లో పూర్తి కావాలి కనుక వేగం సెకనుకు 56 మీటర్ల దాకా ఉంది. నక్షత్రాలను అంటుకుని తిరిగే భారీ గ్రహాలు ముందుగా దొరకడానికి కారణం ఇదే. వాటి సంఖ్య ఎక్కువ అని కాదు, అవి తమ నక్షత్రాన్ని గట్టిగా ఊపుతాయి.

ఇక భూమి సూర్యుడిని కదిలించే ఆ 9 సెంటీమీటర్ల సంగతి. పరికరాలు అక్కడికి చేరువవుతున్నాయి, అడ్డంకి నక్షత్రమే. దాని ఉపరితలం మరుగుతూ ఉంటుంది. వేడి వాయువులు సెకనుకు కిలోమీటరుకు పైగా వేగంతో లేచి పడుతుంటాయి. మచ్చలు పుడతాయి, పోతాయి. ఈ గోలలో భూమి వంటి గ్రహం సంకేతం మునిగిపోతుంది. అందుకే 2015 నుంచి స్పెయిన్‌కు చెందిన లా పాల్మా ద్వీపంలో ఉన్న, హార్ప్స్ వంటిదే అయిన హార్ప్స్-ఎన్ పరికరానికి పగటిపూట ఒక చిన్న టెలిస్కోపు ద్వారా సూర్యకాంతిని పంపుతున్నారు. మన గ్రహాలు ఏ క్షణాన ఎక్కడున్నాయో మనకు కచ్చితంగా తెలుసు. వాటివల్ల కలిగే కదలికను తీసివేస్తే, మిగిలేదంతా సూర్యుడి సొంత అలజడి.